జర లోపల చూసొస్త

గద్వాలలో మా పరుపుల దుకాణానికి వచ్చినవాళ్లు ఏది అడిగినా మా నాయిన నోటి నుంచి ముందు వచ్చే మాట ఒక్కటే: "జర లోపల చూసొస్త." దిండ్లకు తొడిగే గలేబుల రంగు అడిగినా అదే, శుక్రవారానికల్లా కుట్టిస్తావా అని అడిగినా అదే. గద్దె మీది నుంచి లేస్తాడు, తువ్వాల దులుపుకుంటాడు, దుకాణానికీ ఇంటికీ నడుమ వేలాడే ఆకుపచ్చ పరదా పక్కకు జరిపి లోపలికి పోతాడు. కొత్తవాళ్లు లోపల పెద్ద గోదాం ఉందనుకుంటారు. లోపల ఉన్నది మా వంటింటి గడప, దాని పక్కన కుట్టుమిషను, మిషను ముందు మా అమ్మ. ఆమె తల ఆడించిందా, పెదవి విరిచిందా చూసుకొని బయటికొచ్చి, "అయితది, తీస్కపో" అనో, "కాదు, ఇంకోకాడ చూస్కో" అనో చెప్తాడు.

పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి నాకు అందులో వింతేమీ కనపడలేదు. మేము దూది ఏకే వాళ్లం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, నమాజు అరబ్బీలో చదువుతాం, కోపమొస్తే మాత్రం ఉర్దూ బయటికొస్తుంది. మా తాత విల్లు భుజానేసుకొని ఊరూరా తిరిగి దూది ఏకేవాడట. ఇప్పుడు ఆ పని మిషను చేస్తుంది. అయినా పరుపు ఎంత మందం పెట్టాలి, ఏ సరుకు తెప్పించాలి, ఏ బేరం వదులుకోవాలి అన్నవి మిషనుకు తెలియవు కదా. అవన్నీ పరదా వెనకనే తేలేవి.

నేను మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తానన్నప్పుడు చుట్టాలు బాగానే నవ్వుకున్నారు. పరుపులమ్మేటోళ్ల పిల్లకు మేనేజ్‌మెంట్ ఎందుకన్నారు. పరుపులమ్మడం మేనేజ్‌మెంట్ కాకపోతే మరేమిటని ఎదురడిగాను. అప్పటికే నేను వనపర్తిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. డాక్టరేట్ ఉన్నవాళ్లనే ఉంచుకుంటాం, లేనివాళ్లు ఈ ఏడాదితో సర్దుకోవచ్చని కాలేజీ యాజమాన్యం వాళ్లు మొహం మీదే చెప్పేశారు. అంటే నాకు పీహెచ్‌డీ అన్నది పేరు ముందు పెట్టుకునే సొగసు కాదు, నా ఉద్యోగం దాని మీదే ఆధారపడి ఉంది.

నా అంశం చిన్న వ్యాపారుల ముందున్న ఇప్పటి సవాళ్లు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, ఈ మూడు ఊళ్ల దుకాణాలు. ఆన్‌లైన్ అమ్మకాలు, పెద్ద షోరూములు, ఫోనులో చెల్లింపులు, వీటన్నిటి మధ్య దుకాణదారు ఎలా నిర్ణయాలు తీసుకుంటున్నాడన్నది చూడాలి. మా గైడ్ సార్ హైదరాబాద్ మనిషి. మంచివాడే, కానీ పట్టిన పట్టు విడవడు. ప్రశ్నలు ఆయనే సరిచేసి ఇచ్చాడు. ప్రతి ప్రశ్నకూ పూర్తిగా అంగీకరిస్తాను మొదలుకొని అసలే అంగీకరించను దాకా జవాబులు వరసగా ఉంటాయి, దుకాణదారు ఒకదానికి టిక్కు పెట్టాలి. దుకాణదారుని మాత్రమే అడగమని, పక్కవాళ్ల మాటలు రాసుకోవద్దని గట్టిగా చెప్పి పంపాడు.

ఆ ప్రశ్నలు పట్టుకొని మొదట వనపర్తిలో ఒక విత్తనాల దుకాణానికి పోయాను. దుకాణదారు రెడ్డిగారు, పెద్ద మీసాల మనిషి. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. మొదటి ప్రశ్నకు టిక్కు పెట్టాడు. రెండోది, ఏ సరుకు తెప్పించాలో మీరు ఎలా నిర్ణయిస్తారన్నది. పెన్ను పట్టుకొని కొంతసేపు ఆ కాగితాన్నే చూశాడు. తర్వాత లేచి, "కూసో మేడం, జర లోపల చూసొస్త" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. ప్రశ్న నా చేతిలో ఉంటే లోపలికి పోయి ఏం చూస్తాడు? దుకాణం వెనక తలుపు సగం తెరిచి ఉంది. తలుపు అవతల పల్లీలు ఒలుస్తున్న ఒకామె కనిపించింది. ఆ తలుపుకు పరదా లేదు, ఆ ఇంట్లో నమాజు లేదు, అయినా మా ఇంట్లో జరిగేదే అక్కడా జరుగుతోంది. ఆ వారమంతా అదే చూశాను. గద్వాలలో చెప్పుల దుకాణం ఆయన అట్లనే లేచాడు, నాగర్‌కర్నూల్‌లో గిన్నెల దుకాణం ఆయన కూడా అట్లనే లేచాడు. బీచుపల్లి వంతెన మీద బస్సు పోతుంటే కిటికీలోంచి కృష్ణ నీళ్లు చూస్తూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ నవ్వు అయిపోయాక కోపమొచ్చింది. ఇన్ని దుకాణాల్లో ఇంతమంది ఆడవాళ్లు వ్యాపారం నడుపుతుంటే, నా ప్రశ్నల్లో వాళ్లను అడిగే చోటే లేదు.

అప్పుడే నిర్ణయించుకున్నాను, గైడ్ వద్దన్నా సరే లోపలికి పోతానని.

లోపలికి పోవడం తేలిక, మాట్లాడించడమే కష్టం. రెడ్డిగారి భార్యను దుకాణంలో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారని అడిగితే, "మాకేం తెల్వదు మేడం, అన్నీ ఆయనే" అంది. ఎక్కడికి పోయినా ఇదే జవాబు. అందుకని ఆ ప్రశ్నే మానేశాను. ఆమె పక్కన కూర్చొని పల్లీలు ఒలుస్తూ, పోయిన ఏడు ఫలానా కంపెనీ పత్తి విత్తనాలు ఎందుకు తేలేదని అడిగాను. అప్పుడు ఆమె గొంతే మారిపోయింది. ఆ విత్తనం కొన్న రైతులెవరూ దుకాణానికొచ్చి లొల్లి చేయలేదట. వాళ్ల ఆడవాళ్లు మాత్రం ఈమె బోరు దగ్గర నీళ్లు పట్టుకుంటూ మొలక సరిగా రాలేదని చెప్పుకున్నారట. ఆ కంపెనీ సరుకు బంద్ చేయమని ఈమే చెప్పిందట. నిర్ణయం తీసుకున్నావు కదమ్మా అంటే, "నేను నిర్ణయమేం తీస్కోలే, చెప్పిన గంతే" అంది.

నాగర్‌కర్నూల్ గిన్నెల దుకాణం ఆమె పుట్టిల్లు ఉప్పునుంతల. ఆమె ఇంకా హుషారు మనిషి. ఆన్‌లైన్ వచ్చాక స్టీలు గిన్నెల అమ్మకం పడిపోతే, వాళ్లాయన పరేషాన్ అయి దుకాణం మూసేద్దామన్నాడట. వంటల సామాను కిరాయికిద్దామని ఈమె అంది. నాకు చెప్పేటప్పుడు కూడా ఆమె మొహంలో ఆ దర్జా ఉంది. "గిన్నెలు ఫోన్ల కొంటరు మేడం. పెండ్లికి గంగాళం ఫోన్ల రాదు గద?" ఇప్పుడు ఆ దుకాణం నడుస్తున్నది ఆ గంగాళాల మీదే.

ఇవన్నీ, మా దుకాణం సంగతి కూడా కలిపి మూడో అధ్యాయంగా రాసి సార్ ముందు పెట్టాను. సార్ కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. ఆయన అట్లా చేశాడంటే నచ్చలేదని అర్థం. ఇవి భార్యల అభిప్రాయాలు, డేటా కాదు అన్నాడు. బోర్డు మీద ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, వాళ్ల జవాబే లెక్క, ఈ అధ్యాయం తీసేయమన్నాడు.

"సార్, మా దుకాణం బోర్డు మీద మా తాత పేరుంది. ఆయన కబరస్తాన్‌లో ఉన్నాడు. ప్రశ్నలు పట్టుకొని అక్కడికి పోవాలా?"

అనకుండా ఉండాల్సిందని మీరు అనుకోవచ్చు. నేను మాత్రం అనుకోను. సార్ మొహం ఎర్రబడింది. గడువు ఒకసారి పొడిగించారు, ఇక పొడిగించరు, నా సంతకం లేకపోతే థీసిస్ గడప దాటదు, గుర్తుంచుకో అన్నాడు. గుర్తుంది సార్, అయినా తీయను అన్నాను. చివరికి ఆయనే ఒక పందెం లాంటిది పెట్టాడు. మీ దుకాణానికే వచ్చి పొద్దటి నుంచి భోజనాల దాకా కూర్చుంటాను, మీ నాయన లోపల అడగకుండా దుకాణం నడిపితే అధ్యాయం తీసేయాలి, అడిగితే ఉంచుకో అన్నాడు. నాకు లోపల పండగే అయింది. మా నాయిన లోపలికి పోకుండా ఒక పూట కూర్చోవడమా? సరేనని ఒప్పుకొని గద్వాల బస్సెక్కాను.

ఇంటికొచ్చి సంగతి చెప్తే నాయిన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆయనకు అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"నలుగురిల నా ఇజ్జత్ తీస్తవా? పెండ్లాన్ని అడిగి దుకాణం నడుపుతుండని యూనివర్సిటీల చదువుకుంటరా?"

"అడుగుడు తప్పా నాయినా?"

"అడుగుడు తప్పు కాదు. రాసుడు తప్పు."

నాకూ మండింది. ఇన్నేళ్లు ఆమె చెప్పిన మాట మీద దుకాణం నిలబెట్టుకొని, ఆ మాట కాగితం మీదికొస్తే ఇజ్జత్ పోతుందా అని గట్టిగానే అడిగాను. అమ్మ మిషను ఆపకుండా మా ఇద్దరినీ విన్నది. ఆఖరుకు, రాయనియ్యి, పోయేదేముంది అని ఆయనతో అంది. నా వైపు తిరిగి ఇంకో మాట చెప్పింది. "పరదా తీసెయ్యాలని మాత్రం రాయకు బిడ్డా. గీడ కూసుంటే వచ్చినోళ్లు నాకు కనపడ్తరు, నేను వాళ్లకు కనపడ. గది నాకు మంచిగుంటది." పాపం పరదా వెనక మగ్గిపోయిన ఆడవాళ్లు అని రెండు పేజీలు రాసి పెట్టుకున్నాను. ఆ రాత్రే కొట్టేశాను.

సార్ వచ్చే రోజు రానే వచ్చింది. నేను దుకాణం సంగతే ఆలోచించాను గానీ, ఒకటి మరిచిపోయాను. మా ఇంటికి హైదరాబాద్ నుంచి సార్ వస్తున్నాడు. అట్లాంటి మనిషికి కడుపునిండా పెట్టకుండా పంపడం మా వాడకట్టులో ఎవరికీ తెలియదు. తెల్లారేసరికి అమ్మ పెరట్లో పొయ్యి రాజేసి, దేగ్చా ఎక్కించి, మేనత్తను పిలిపించుకొని బిర్యానీ పనిలో మునిగిపోయింది. పరదా వెనక మిషను ముందు ఖాళీ స్టూలు మిగిలింది. సార్ వచ్చి దుకాణంలో కూర్చున్నాక గానీ నాకది కనపడలేదు. అప్పుడు పెరట్లోకి ఉరికి, అమ్మా, జర మిషను కాడికి రావే అని బతిమాలితే, మసాలా మాడితే నువ్వు జవాబు చెప్తవా అని కసిరింది.

నాయిన సంగతి సరేసరి. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ తొడుక్కొని, గద్దె మీద దర్బారులో కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఏం జరిగినా లేవకూడదని ఒట్టు పెట్టుకున్నాడని ఆ కూర్చున్న తీరులోనే తెలిసిపోయింది. బీచుపల్లి దిక్కు నుంచి లాడ్జి నడిపే ఒకాయన వచ్చి, గదులన్నిటికీ పరుపులు కావాలి, దూదివా ఫోమువా ఏవి మంచివని అడిగాడు. నాయిన కాళ్లు గద్దె కిందికి దిగాయి. సార్‌ను చూశాడు. కాళ్లు మళ్లీ పైకి పోయాయి. రేపు చెప్తానని ఆయన్ను పంపించేశాడు. తర్వాత దిండ్లు మళ్లీ ఏకించుకోవడానికి వచ్చినామెకు కూడా రేపు రమ్మనే చెప్పాడు. పాత గిరాకీ ఒకాయన గుమ్మంలో నిలబడి, "ఏంది, ఇయ్యాల లోపల చూసి రావా?" అని అడిగాడు. నా ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే సార్‌కు ఫోనొచ్చి బయటికి పోయాడు. తిరిగొచ్చేసరికి నాయిన ఆ మనిషిని కళ్లతోనే బెదిరించి పంపేశాడు.

మధ్యాహ్నం నమాజుకు పిలిచే దుహర్ అజాఁ వినపడింది. సార్ గడియారం చూసుకొని, చూశావా, ఒక్కసారి కూడా లేవలేదు అన్నాడు.

చూశాను సార్, ఒక్క బేరం కూడా కాలేదు, అది మీరు చూశారా అన్నాను. సార్ నవ్వి, బేరాలు కాకపోవడమే ఇప్పటి చిన్న వ్యాపారాల సవాలు, నీ అంశం కూడా అదే కదా అన్నాడు. అప్పుడు నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. సార్ ఎదుటే చెప్పేశాను. పందెం ఓడిపోయాను, నిజమే. అయినా అధ్యాయం తీయను. సంతకం పెట్టకపోతే పెట్టకండి, ఉద్యోగం పోతే పోనీ. నేను మూడు ఊళ్లలో లోపలి గదుల్లో కూర్చొని చూసింది ఒక్క పూట దుకాణం ముందు కూర్చుంటే అబద్ధమైపోదు. సార్ మళ్లీ గడియారం చూసుకున్నాడు. నాయిన మాత్రం తలెత్తి నన్నొకసారి చూసి, మళ్లీ తల దించుకున్నాడు. ఉద్యోగం మాట ఆయనకు అంతకు ముందు చెప్పలేదు నేను.

ముందర గదిలో అన్నాలకు దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచాం. సార్ వద్దు వద్దంటూనే రెండుసార్లు పెట్టించుకున్నాడు. అమ్మ ఎదటికి రాలేదు. వడ్డించింది నాయినా నేనూ. తినడం అయ్యాక చేతులు కడుక్కొని అందరం మళ్లీ దుకాణంలోకొచ్చాం. అమ్మ కూడా పెరటి పని ముగించుకొని వచ్చినట్టుంది, పరదా వెనక మిషను టకటక మొదలైంది. సార్ సోంపు నములుతూ, పోయేముందు ఊరికే అడిగినట్టు అడిగాడు.

"భాయ్ సాబ్, ఒక్క మాట. అసలు ఈ దుకాణం నడిపేది ఎవరు?"

నాయిన "నేనే" అన్నాడంటే అక్కడితో అంతా అయిపోతుంది. ఆయన సార్‌ను చూశాడు, నన్ను చూశాడు. గద్దె మీది నుంచి లేచాడు. తువ్వాల దులుపుకున్నాడు.

"జర లోపల చూసొస్త సార్."

పరదా జరిగింది, నాయిన లోపలికి పోయాడు. మిషను ఆగింది. గుసగుసలు వినపడుతున్నాయి గానీ మాటలు తెలియడం లేదు. సార్ సోంపు నమలడం ఆపి నా వైపు చూశాడు. నేను పైన తిరుగుతున్న ఫ్యానును చూశాను, ఎందుకంటే సార్ మొహం చూస్తే నవ్వో ఏడుపో ఏదో ఒకటి బయటపడేది. కొంతసేపటికి నాయిన బయటికొచ్చి, గద్దె మీద సర్దుకొని కూర్చొని, బేరం తేల్చినట్టే చెప్పాడు.

"ఇద్దరం అని చెప్పమన్నది సార్."

సార్ నవ్విన నవ్వుకు ఎదురు దుకాణం వాళ్లు తొంగిచూశారు. దగ్గొచ్చి, నీళ్లు తాగి, మళ్లీ నవ్వాడు. నాయిన అలవాటు కొద్దీ లేచాడా, నా ఉద్యోగం కోసం ఇజ్జత్ పక్కన పెట్టి లేచాడా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే, అడ్డమైన ప్రశ్నలు అడగకు అంటాడు. సార్ బస్సెక్కేముందు, అధ్యాయం ఉంచుకో, కాకపోతే చివర్లో అనుబంధంగా పెట్టు అన్నాడు. ఆడవాళ్లను దుకాణం వెనకే కాదు, పుస్తకం వెనక కూడా కూర్చోబెట్టను సార్, మూడో అధ్యాయంగానే ఉంటుంది అన్నాను. నీతో వేగలేనమ్మా అని తల కొట్టుకున్నాడు గానీ, తర్వాతి వారం సంతకం పెట్టాడు. డాక్టరేట్ వచ్చింది. కాలేజీ వాళ్లు ఉంచుకున్నారు.

సార్ పోయిన ఆ సాయంత్రం నేను అమ్మ మీద అలిగాను. నిజం చెప్పించే అవకాశం వస్తే ఇద్దరం అని ఎందుకు చెప్పించావు, దుకాణం నడిపేది నువ్వే కదా, నేను అంత కొట్లాడింది దేనికి అని అడిగాను. అమ్మ గలేబు అంచు కుట్టడం పూర్తి చేసి, దారం పంటితో కొరికి, పరదా సందులోంచి దుకాణంలోకి ఒకసారి చూసింది. నాయిన లాడ్జి ఆయనతో ఫోనులో మాట్లాడుతున్నాడు.

"నేనే అని చెప్పిపిస్తే, రేపటి సంది ఆయన లోపలికి రాడు బిడ్డా," అంది.

అవతల నాయిన ఫోను చెవి దగ్గరి నుంచి దించి, గద్దె దిగుతున్న చప్పుడైంది. అమ్మ నాతో మాట ఆపి, ఆయన కోసం స్టూలు కొంచెం పక్కకు జరుపుకుంది. ఆమె చెప్పిన ఆ మాటను కూడా మూడో అధ్యాయంలోనే పెట్టాను. తీయమని ఎవరూ అనలేదు. అన్నా తీసేదాన్ని కాదు.